పాత ఫొటోలలో కనబడునది, కనబడనిది

మన ఇండ్లలో వసారా గోడమీద, చూరునకు దిగువగా, కొంచెము ముందుకు వంగి వ్రేలాడు పటములను చూడనివారు ఉండరు. దేవుళ్ళ పటములు పోగా మిగిలినవి ఆ ఇంటి పెద్దలవి. అద్దము మసకబారి యుండును. అట్ట అంచులను చెదలు కొంత తినియుండును. ముఖములు తేనెరంగుకు తిరిగియుండును. పండుగకు ముందు గోడకు సున్నము కొట్టించునప్పుడు వాటిని దింపి, పొడిగుడ్డతో తుడిచి, మరల ఆ మేకులకే తగిలించుట గలదు గాని, నిలుచుండి వాటిని చూచుట అరుదు.

కార్యక్రమములకై ఊరూరు తిరుగు మాకు ఈ పటములను చూచు అలవాటొకటి పట్టుబడినది. పాటలు పాడువారినో, పాత సంగతులు చెప్పువారినో వెదకుకొనుచు పోవుదుము. యంత్రమును సర్దువరకు మాకు చేయవలసిన పని ఉండదు. కన్నులు గోడమీదికి పోవును. కొన్ని సంవత్సరములకు ముందు గోదావరి తీరమున ఒక గ్రామములో అట్లే ఒక పెండ్లి ఫొటో మా కంట బడినది.

ఇంటి ముంగిట, పందిరి ప్రక్కను తీసిన చిత్రమది. పదునెనిమిది మంది యున్నారు. నడుమ కుర్చీలలో ఐదుగురు పురుషులు, తలపాగాలతో, మోకాళ్ళపై చేతులుంచుకొని, ఎవరిమీదనో కోపము వచ్చినట్లు కూర్చుండిరి. పెండ్లికుమారుడు వారిలో ఒకడు. పెండ్లికూతురు వెనుక వరుసలో స్త్రీల నడుమ నిలువబడినది. నుదుట బాసికము లేనిచో ఆమెయే పెండ్లికూతురని ఎవరును పోల్చలేరు. పిల్లలు ముందు చాపమీద ఉన్నారు. వారిలో ఒక పిల్లకు పరికిణీ ఉన్నది, చేతులకు గాజులున్నవి, ముఖము లేదు. ముఖముండవలసిన చోట పొగవంటి తెల్లని మసక ఉన్నది.

“ఆ కదిలిన పిల్లని నేనే బాబూ” అన్నారు ఆ ఇంటి మామ్మగారు. ఆమెకు అప్పటికే ఎనుబది దాటినవి. “కదలొద్దు, కదలొద్దని ఆ ఫొటో ఆయన అరుస్తూనే ఉన్నాడు. ముక్కుమీద ఈగ వాలింది. ఏం చెయ్యను?”

పల్లెలకు వచ్చు ఫొటోగ్రాఫర్లు నల్లగుడ్డ తలపై కప్పుకొని చూచి, పిదప కటకపు మూత తీసి, మనసులో అంకెలు లెక్కించి, మరల మూత పెట్టెడివారు. ఆ లెక్క ముగియులోపల కదలినవారికి ముఖము దక్కెడిది కాదు.

మామ్మగారు పటమును దింపించి, ఒడిలో పెట్టుకొని, ఒక్కొక్కరిమీద వ్రేలుంచి చెప్పుకొనుచు పోయిరి. ఈయన మా పెదనాన్న, ఈమె మా మేనత్త, ఈ పిల్లవాడు మరుసటి ఏడే మశూచికముతో పోయినాడు, ఈ కాసులపేరు మా అమ్మది కాదు, ఆ పూటకు పొరుగింటినుండి తెచ్చినది. వెనుక తెరగా ఒక దుప్పటి ఉన్నది. దానిని కట్టలేదు, ఇద్దరు పట్టుకొని నిలుచుండిరి. పై అంచున ఆ మూలను, ఈ మూలను నాలుగేసి వ్రేళ్ళు కనబడుచున్నవి. మేము లెక్కించిన పదునెనిమిది మందిలో వారు లేరు. ఆ వ్రేళ్ళు ఎవరివో కూడ మామ్మగారికి తెలియును. ఇంటి పాలేర్లు ఇద్దరివి. పేర్లు చెప్పినారు.

అంతలో యంత్రము సిద్ధమైనది. మేము ఆమె చేత మేలుకొలుపులు పాడించుకొని, రికార్డు చేసికొని వచ్చితిమి.

ఫొటోకు మొదటినుండియు ఈ గుణము కలదు. నిలిచినదానిని పట్టుకొనును, కదలినదానిని విడిచిపెట్టును. 1838లో పారిస్ నగరమున లూయీ డాగేర్ తన కిటికీనుండి బులేవార్ దు తాంప్ల్ అను వీధిని చిత్రించెను. అది బండ్లతో, జనముతో కిటకిటలాడు వీధి. రాగిరేకుపై వెండిపూత పూసి తీసిన ఆ చిత్రమునకు చాల నిమిషములు పట్టినందున, నడచువారు, బండ్లు, గుఱ్ఱములు ఏవియు దానిపై నిలువక మాయమైనవి. చెట్లు, మేడలు, నిర్మానుష్యమైన వీధి మిగిలినవి. ఒక మూలను మాత్రము ఒక మనిషి కనబడును. బూట్లు తుడిపించుకొనుటకు కాలు ముందుకు చాచి, కదలక నిలిచినవాడు. మనిషి కనబడు ఫొటోలలో ఇదియే మొదటిదని చెప్పుదురు. తుడుచుచున్నవాని చేతులు పనిలో ఉన్నందున కాబోలు, అతడు అంత స్పష్టముగా లేడు. పని చేయించుకొన్నవాడు చరిత్రలో నిలిచి, పని చేసినవాడు మసకలో పడుట ఇంతటి యాదృచ్ఛికముగా మరెక్కడను జరిగియుండదు.

ఈ విద్య మన దేశమునకు త్వరలోనే వచ్చినది. మద్రాసులో ఫొటోగ్రఫీ సంఘము 1856లో ఏర్పడినది. అదే సంవత్సరమున లినియస్ ట్రైప్ అను సైనికోద్యోగి మద్రాసు ప్రభుత్వమునకు ఫొటోగ్రాఫరుగా నియమింపబడి, శ్రీరంగము, తంజావూరు, మధుర మున్నగు చోట్ల తిరిగి చిత్రములు తీసెను. ఆయన చిత్రములలో ప్రాకారములు, మండపములు, కోనేళ్ళు అద్భుతముగా ఉన్నవి. మనుష్యులు మాత్రము లేరన్నట్లే. ఆ గుళ్ళలో జనము లేకపోలేదు, వారు నిలువలేదు. రాళ్ళు కదలవు కనుక తంజావూరు బృహదీశ్వరాలయపు విమానము అడుగున చుట్టును చెక్కిన శాసనములను ఆయన వరుసగా తీసి, 21 ప్రతులను ఒకదాని ప్రక్కన ఒకటి అతికి, నిడువైన చుట్టగా చేయగలిగెను. ఇంతలో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ ఇది మన ఆర్థిక స్థితికి తగని విలాసమని ఆ పనినే ఆపించెను. ఖర్చు తగ్గించు గవర్నర్లకు ముందుగా కంటబడునది ఎప్పుడును ఇట్టి శాఖలే.

అందుచేత పాత వీధి చిత్రము నిర్మానుష్యముగా ఉన్నంత మాత్రమున ఆ వీధి అట్లుండెనని అనుకొనరాదు. ఇట్టి పొరపాట్లు ఇంకను కొన్ని గలవు. ఒక శ్రోత మాకొక జాబు వ్రాసిరి. వారి ముత్తవ్వగారు పెండ్లినాటి ఫొటోలో నల్లచీరతో ఉన్నారట. శుభకార్యమునకు నల్లచీర కట్టు ఆచారము వెనుకటి రోజులలో ఉండెనా యని వారి ప్రశ్న. ఉండెనో లేదో యని గ్రంథములు వెదకనక్కరలేదు. ఆ కాలపు ఫొటో పలకలకు నీలపు వెలుగు తెలిసినంతగా ఎరుపు తెలియదు. అందుచేతనే చీకటిగదిలో ఎర్రదీపము పెట్టుకొని వారు నిశ్చింతగా పని చేసికొనెడివారు. ఎర్రచీర కట్టినను, పసుపుచీర కట్టినను అది ఫొటోలో నల్లగా పడెడిది. కుంకుమబొట్టు కాటుకబొట్టయ్యెడిది. పసుపు రాసికొన్న ముఖము, మన ఎండలలో కందిన మేనిచాయ ఉన్నదానికంటె నలుపెక్కెడివి. కొందరు ఫొటోగ్రాఫర్లు నెగెటివు మీద పెన్సిలుతో దిద్ది ముఖములను తెల్లబరచుటకు ఇది ఒక కారణము. అదేవిధముగా లేతనీలపు చీర తెల్లనై కనబడును. దానిని చూచి, పసుపు కుంకుమలతో నిండు నూరేండ్లు బ్రతికిన ఒక ముత్తైదువను ఆమె మనుమలు విధవరాలనుకొన్న సందర్భము మేమెరుగుదుము. ఆకాశమున మబ్బు లేకపోవుటయు ఇందువలననే. 1873లో జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఫోగెల్ పలకలకు రంగు కలిపి ఆకుపచ్చ, పసుపు వెలుగులను పట్టు మార్గము కనుగొనెను. ఎరుపు కూడ సరిగా పట్టు పలకలు అంగళ్ళలో దొరకుటకు ఇరువదవ శతాబ్దము రావలసి వచ్చినది. మన చిన్న పట్టణముల స్టూడియోలకు అవి వచ్చుటకు ఇంకను ఆలస్యమైనది.

కుడి యెడమల సంగతి యొకటి. అమెరికాలో బిల్లీ ది కిడ్ అను బందిపోటు చిత్రము ఇనుపరేకుపై తీసినది. అట్టి చిత్రములలో అద్దములో వలె కుడి యెడమగును. దానిని చూచి అతడు ఎడమచేతివాటము వాడని లోకము చాలకాలము నమ్మినది. 1958లో ఆ పేరుతోనే ఒక సినిమా కూడ తీసిరి. గాజుపలకను తిరగవేసి అచ్చు తీసిన మన ఫొటోలలో కూడ ఇది జరుగును. పురోహితులెవరైన యజ్ఞోపవీతము కుడి భుజముపై వేసికొని కనబడినచో, పితృకార్యము చేయుచుండగా తీసినదా అని మొదట అడుగవలెను. కుర్చీలో కూర్చుండి, చేతిలో పుస్తకముతో ఉన్నచో అది పలక తిరగబడిన చిత్రమే.

ఇంతకు ముందు 1851లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కనుగొన్న పద్ధతిలో గాజుపలకకు కొలోడియన్ అను జిగురు పూసి, తడి ఆరకముందే చిత్రము తీసి, తడి ఆరకముందే కడుగవలసి యుండెను. మన ఎండలలో ఆ తడి ఎంతసేపు నిలుచును? ఫొటోగ్రాఫరు వెంట చీకటి గుడారము, సీసాలు, నీళ్ళబిందెలు, మోయు కూలీలు పోవలసినదే. ఇట్లు తీసిన నెగెటివుల నుండి ప్రతులను ఎక్కువగా కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితముపై అచ్చొత్తెడివారు. ఆ కాగితము 1850 మొదలు 1890 ప్రాంతము వరకు రాజ్యమేలినది. తేనెరంగు దానిదే. దేవుని గూటి ప్రక్కన ముత్తాతగారి పటము నుంచి నిత్యము పూలు పెట్టు ఆచారవంతులకు ఈ మాట చెప్పకపోవుటయే మర్యాద యగును. కాని చెప్పితిమి.

స్టూడియోలు వచ్చిన తరువాత మన ఫొటోలకొక నాటకశాల దొరకినది. వెనుక తెరపై మేడమెట్లు, పూలకుండీలు, ఎన్నడును చూడని సరస్సు. ముందు చెక్కడపు కుర్చీ, గుండ్రబల్ల, బల్లపై గడియారమో లావుపాటి పుస్తకమో. తల కదలకుండుటకు మెడ వెనుక ఇనుప ఊత పెట్టుటయు గలదు. మన పెద్దలు ఫొటోలలో నవ్వకపోవుటకు అందరును దీనినే కారణముగా చెప్పుదురు. మాకంత నమ్మకము లేదు. ఊత అవసరము తీరిన తరువాత కూడ వారు నవ్వలేదు. ఫొటో తీయించుకొనుట వారికి దస్తావేజు వ్రాయించుకొనుట వంటిది. దస్తావేజు మీద నవ్వుచు ఎవరు సంతకము చేయుదురు?

తెరమీది సరస్సు అబద్ధము, కాళ్ళు మాత్రము నిజము. కోటు, కండువా, చేతికర్ర స్టూడియోవి కావచ్చును గాని, పాదములు చూచిన సంగతి తెలియును. ఎవరికి చెప్పులున్నవి, ఎవరికి లేవు, చెప్పులున్న కాళ్ళు వాటికి అలవాటు పడినవా కాదా అని మేము మొదట అచ్చటనే చూతుము. ఎవరు కూర్చుండిరి, ఎవరు నిలుచుండిరి, బిడ్డ తల్లి ఒడిలో ఉన్నదా లేక ఎత్తుకొని పెంచిన దాసి ఒడిలో ఉన్నదా అని పిదప చూతుము. ఒక కాలమున రేడియో కూడ గుండ్రబల్ల నెక్కినది. పైన కుట్టుపూల గుడ్డ, ప్రక్కన మీటపై చేయి వేసి ఇంటి యజమాని, వెనుక నిలుచుండి ఇల్లాలు ఉన్న ఫొటోలను శ్రోతలు మాకు పంపుచుందురు. అప్పుడది ఏ స్టేషను పలుకుచుండెనో, అసలు పలుకుచుండెనో లేదో ఫొటో చెప్పదు.

మన ప్రాంతమున ఈ కళకు పెద్దపేరు తెచ్చినవారు లాలా దీన్ దయాళ్. 1844లో సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగము చేయుచు కెమేరా పట్టినవారు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థానమున చేరి, 1886లో సికింద్రాబాదున స్టూడియో పెట్టిరి. నిజాము ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ అను బిరుదు నిచ్చెను. ఏనుగుల ఊరేగింపులు, వేటలు, విందులు, వైస్రాయిల రాకపోకలు ఆయన పలకలలో ఎన్నియో గలవు. మాకు వాటికంటె ముఖ్యముగా తోచునది 1892లో హైదరాబాదున ఆయన తెరచిన జనానా స్టూడియో. ఘోషా స్త్రీలకై ఎత్తైన గోడల నడుమ పెట్టిన ఆ స్టూడియోను ఒక ఆంగ్ల వనిత నడపెను. లోపలికి పురుషుడు పోరాదు. పరపురుషుని కంటబడని స్త్రీ తన ముఖమును కాగితముపై చూచుకొనుటకు అది త్రోవ యైనది. ఆ కాగితమును ఎవరు చూడవలెనన్నది మాత్రము ఇంటివారి చేతిలోని మాటయే.

దీన్ దయాళ్ 1905లో గతించిరి. మూడు సంవత్సరములకు, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగి హైదరాబాదును ముంచినది. అఫ్జల్‌గంజిలో ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. ఆ వరదకు ముందు తీసిన నగర దృశ్యములలోని ఒడ్డు, ఇండ్లు, తోటలు ఆ పలకలలో తప్ప మరెక్కడను లేవు. తీసినవారికి ఆ సంగతి తెలియదు.

ఇక తెలిసి తీసిన చిత్రముల మాట. 1876–78 నాటి కరవును మనవారు ధాత కరవందురు. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు సీమలు దానిలో మాడిపోయినవి. దక్షిణ దేశమున 50 లక్షలకు పైగా జనము చనిపోయిరని అంచనా. విలోబీ వాలెస్ హూపర్ అను సైనికోద్యోగి మద్రాసు రాష్ట్రములో ఆ కరవు బాధితుల ఫొటోలు తీసెను. ఎముకలు లెక్కింపదగిన స్త్రీ పురుషులను, పిల్లలను వరుసలు దీర్చి, కొందరిని కూర్చుండబెట్టి, కొందరిని నిలువబెట్టి తీసిన చిత్రములవి. పెండ్లి ఫొటోకు కూర్చినట్లే కూర్చెను. వారిలో మసకబారిన ముఖములు చాల తక్కువ. కదలుటకు వారికి ఓపిక లేదు.

తీసిన పిదప వారికి అన్నము పెట్టించెనా యని హూపరును నాటినుండి నేటివరకు అడుగుచునే యున్నారు. అడుగవలసిన ప్రశ్నయే. కాని ఆ ప్రశ్న వద్దనే ఆగిపోయినచో ఫొటో మనలను మోసగించినట్లగును. చిత్రములో ఆకలి కనబడును, కారణము కనబడదు. 1877 ఆరంభమున సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనిలో కూలికి దినమునకు ఒక పౌను ధాన్యమును, అనగా సుమారు 450 గ్రాములును, ఒక అణాయును చాలునని నిర్ణయించెను. రాళ్ళుకొట్టు మనిషికి అది! అదే కాలమున రేవులనుండి ధాన్యము ఎగుమతి యగుచునే యుండెను. ఆ ఉత్తరువు గాని, ఆ ఓడలు గాని హూపరు కటకము ముందు నిలువలేదు. వానిని తెలిపినది విలియం డిగ్బీ వంటి పత్రికాసంపాదకుల వ్రాత. డిగ్బీ ఆ కరవు చరిత్రను 1878లో రెండు సంపుటములుగా ప్రకటించెను. వ్రాత ప్రక్కన పెట్టి చూచినప్పుడే ఆ ఫొటోలకు నోరు వచ్చుచున్నది. అప్పటికిని ఒకటి లోపము. ఆ వరుసలలో కూర్చున్నవారిలో పేరు తెలిసినవారు లేరు. ఏనుగుమీది దొరకు పేరున్నది, ఏనుగుకును పేరుండవచ్చును.

ఆ గోదావరి తీరపు గ్రామమునకు మేము మరల పోయితిమి. రెండు సంవత్సరములు గడచినవి. మామ్మగారు లేరు. ఆమె పాటలు ప్రసారమైనప్పుడు ఊరంతయు విన్నదని ఆమె కుమారుడుగారు సంతోషముతో చెప్పినారు. వసారాలో పటము అచ్చటనే ఉన్నది. మీదుమిక్కిలి, ఆ మసకముఖపు పిల్లను విడదీసి పెద్దది చేయించి దండ వేయుదమని ఎవరో అనగా, ముఖము లేనిదానికి దండ ఏమిటని మానుకొనిరట.

“అమ్మ ఉండగా మేమెప్పుడూ అడగలేదండీ. వీళ్ళలో ఐదుగురు ఎవరో తెలుసు. మిగతావాళ్ళు తెలియదు. ఆ రోజు మీకు అందరినీ చెప్పింది కదా, మీకేమైనా గుర్తుందా?” అని ఆయన అడిగిరి.

మేము సిగ్గుపడితిమి. మా వద్ద మేలుకొలుపులున్నవి, శుభ్రముగా ఉన్నవి, చివరలో ఆమె దగ్గు కూడ వినబడును. పదునెనిమిది పేర్లును, పై రెండు పేర్లును ఆమె చెప్పుచున్నంతసేపు యంత్రము మా ప్రక్కనే నేలమీద, తీగలు తగిలింపక, ఉండెను. జేబులో పెన్సిలు కూడ ఉండెను. మాకు గుర్తున్నది ఈగ, పొరుగింటి కాసులపేరు, మశూచికముతో పోయిన పిల్లవాడు. ఆ పిల్లవాడు చాపమీది ముగ్గురిలో ఎవడో చెప్పలేకపోయితిమి.

పటమును దింపి, వెనుకనున్న అట్టను మెల్లగా ఊడదీసితిమి. సిరా కాగితములోనికి దిగును గనుక మెత్తని పెన్సిలుతో, అదిమి వ్రాయక, ఆయనకు తెలిసిన ఐదు పేర్లను ఆయా మనుష్యుల వెనుక వచ్చునట్లు వ్రాయించితిమి. ఆరవదిగా, ముఖము లేని పిల్ల వెనుక మామ్మగారి పేరు వ్రాసిరి. ఆ గ్రామమున ఆ పాలేర్ల సంతతి ఉన్నదేమో అడిగి చూతమని ఆయన అనిరి. మేము కూడ ఆయనతో కాలువగట్టు దాటి ఆ పేటకు పోయితిమి. అరుగుమీద కూర్చున్న ఒక వృద్ధుడు ఫొటోను ఎండవైపు త్రిప్పి, చాలసేపు చూచి, ఎడమ మూలనున్న నాలుగు వ్రేళ్ళను చూపి, చిటికెనవ్రేలు సగమే ఉన్నది చూడండని అన్నాడు. కొడవలికి పోయిందట. మా తాతదే ఆ చెయ్యి అన్నాడు. పేరు చెప్పినాడు, వ్రాసికొంటిమి. కుడివైపు వ్రేళ్ళు ఎవరివో ఆయనకును తెలియలేదు.